మాట అందించకూడదు

ఆగస్టు 19

డెల్ఫీ ఇవాళ మాట్లాడింది.

కాఫీ కప్పు మీద వేలు పెట్టి "వేడి" అంది. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, బయట పార్కింగ్‌లో ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాను. ముక్కు చీదుకోవలసి వచ్చింది.

"వెర్లన్ గారూ, మీరలా పారిపోతే రెండో మాట ఎవరికి చెప్తుంది పాపం?" అంది వెనకనుంచి కార్లీన్, ఈ వృద్ధుల హోమ్‌లో చికిత్స చేసే మనిషి.

మా ఆవిడకి పక్షవాతం వచ్చాక ఇది నాలుగో వేసవి. మా విత్తనాల కొట్లో కూర్చుని ఈ లోయలో బేరమాడిన ప్రతి రైతు నోరూ మూయించిన మనిషి, ఇన్నాళ్లూ "ఊఁ" అనడం తప్ప ఎరగదు. నేనెన్ని మాటలు ఆమె నోట్లో పెట్టి చూశాను! "నీళ్లు అను డెల్ఫీ, నీళ్లు." తల తిప్పేసుకునేది. కోపం వస్తే దిండు కింద పడేసేది.

కార్లీన్ పద్ధతి వేరు. చూసేవాళ్లకి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. గుప్పెడు ఎండు చిక్కుడు గింజలు పోసి కుట్టిన గుడ్డసంచి. ఆమె విసురుతుంది. డెల్ఫీ పట్టుకోవాలి, బాగున్న చేత్తో కాదు, పడిపోయిన చేత్తో. ఒళ్లో పడినా చాలు. సంచి ఎవరి దగ్గర పడితే వాళ్లు ఒక మాట చెప్పాలి. నియమం అంతే.

"మాట మీరు అందించకండి" అని మొదటి రోజే నన్ను కసిరింది. "ఖాళీ వదిలేయండి. ఎంతసేపైనా సరే. ఆ ఖాళీ భరించలేకే మాట బయటికొస్తుంది."

నాకు ఖాళీ అంటే పడదు. అయినా నోరు కట్టుకుని కూర్చున్నాను. వచ్చింది.

ఆగస్టు 22

వచ్చే నెల రాజధానిలో బోర్డు సమావేశం. ఏటా ఒక మంచి చికిత్సకురాలికి బోర్డు తరఫున ప్రశంసాపత్రం ఇస్తాం. ఈసారి కార్లీన్ పేరు నేనే పెడతాను. ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. మూడుసార్లు చింపాను. పొగడటం నాకు చేతకాదు, తిట్టడమైతే ఒక్క దెబ్బకి వచ్చేది.

వినోద చికిత్సకులకి లైసెన్సులిచ్చే బోర్డులో నాది సామాన్య ప్రజల కుర్చీ. మిగతా వాళ్లంతా చదువుకున్నవాళ్లు. ఆ కుర్చీ నాకు ఊరికే రాలేదు. మొదట ఉన్న హోమ్‌లో, ముందు వారం దాకా పిజ్జాలు మోసిన ఒకడు, ఏ శిక్షణా లేనివాడు, ఆట అని చెప్పి డెల్ఫీని నిలబెట్టి చెయ్యి వదిలేశాడు. తుంటి విరిగింది. నేను రాజధానికి పోయి శాసనసభ కమిటీ ముందు మైకు పట్టుకున్నాను. ఆటపాటలతో చేసేదీ వైద్యమే, లైసెన్సు లేని చెయ్యి ఇక ఏ ముసలివాళ్ల మీదా పడకూడదు అని అరిచాను. పేపర్లో ఫొటో వేశారు, నోరు తెరిచి ఉన్న ఫొటో. చట్టం వచ్చింది. నా ఒక్కడి వల్లే వచ్చిందని అనను. కానీ ఆ చట్టంలో డెల్ఫీ తుంటి ఉంది.

ఆగస్టు 26

బోర్డు ఆఫీసులో నాడీన్‌కి ఫోన్ చేశాను, కార్లీన్ లైసెన్సు నంబరు కోసం. ఉత్తరంలో రాయాలి కదా.

"ఆ పేరుతో ఎవరూ లేరండీ" అంది.

"సరిగ్గా చూడమ్మా."

"మళ్లీ చూశాను. సహాయకుల జాబితాలో కూడా లేదు. ఏ హోమ్‌లో పనిచేస్తారు ఆవిడ?"

మా హోమ్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. "కనుక్కుని చెప్తాలే" అని పెట్టేశాను.

ఆగస్టు 27

పెళ్లయ్యాక పేరు మారి ఉంటుంది. పాత పేరు మీద ఉంటుంది లైసెన్సు.

ఆగస్టు 28

ఆమెకి పెళ్లే కాలేదట.

సెప్టెంబరు 4

హోమ్ బయట కారు దగ్గర కార్లీన్‌ని పట్టుకున్నాను. "నీ లైసెన్సు ఏదమ్మా?" అని ఒకే ముక్క అడిగాను. డొంకతిరుగుడు నాకు రాదు.

బుకాయిస్తుందనుకున్నాను. బుకాయించలేదు.

"లేదండీ. కొండకి అవతల రాష్ట్రంలో పనిచేసినన్నాళ్లూ ఎవరూ అడగలేదు. అక్కడ అక్కర్లేదు. కొండ దిగి ఇటొస్తే అదే పని నేరమైంది."

"డిగ్రీ లేదా మరి?"

"డిగ్రీ ఉంది. చదవాల్సిన పాఠాలన్నీ చదివాను. శిక్షణ దగ్గరే దెబ్బతిన్నాను. నేను ఎవరి దగ్గర పని నేర్చుకున్నానో ఆవిడకే అర్హత లేదట. ఆవిడ కింద చేసిన నెలలన్నీ బూడిదలో పోసినట్టు. శిక్షణ లేకపోతే పరీక్షకి రానివ్వరు, పరీక్ష పాసవకపోతే లైసెన్సు లేదు. మళ్లీ మొదట్నుంచీ లైసెన్సున్న మనిషి కింద, జీతం లేకుండా చెయ్యాలి. నాకు నలభై ఏడు, వెర్లన్ గారూ."

"గ్రేడీకి తెలుసా?" గ్రేడీ ఈ హోమ్ మేనేజరు.

"తెలియకేం! కాయితాల మీద నన్ను కార్యక్రమాల సహాయకురాలని రాశాడు. గది తలుపు మీద మాత్రం 'వినోద చికిత్స' అని రాయించాడు. వచ్చే బంధువులు తలుపే చూస్తారు గదండీ. రోగుల వైద్య కాయితాలు మాత్రం నన్ను తాకనివ్వడు. లైసెన్సు లేనిదానికి చూపిస్తే ఆయన మెడకి చుట్టుకుంటుందట."

"తలుపు మీద అబద్ధం రాస్తే చుట్టుకోదా?"

పక్క జిల్లా ఆస్పత్రిలో ఒకావిడ జనవరి నుంచి శిక్షణకి తీసుకుంటానందట. "అప్పటిదాకా ఆగండి. ఆ తర్వాత మీరేం చేసినా సరే. ఇప్పుడు మీరు ఫోన్ ఎత్తితే ఆ తలుపు కూడా మూసేస్తారు" అంది.

నేను బోర్డు మనిషిని. అక్కడే, ఆ నిమిషంలోనే చెప్పవలసిన మాట ఒకటుంది. "నేనేం వినలేదు" అన్నాను.

"థాంక్సండీ."

"ఏమీ విననివాడికి థాంక్స్ ఎందుకు?"

జనవరి ఎంతలో వస్తుంది. పిజ్జాలు మోసినవాడూ ఈమే ఒకటి కాదు. ఈమె చదివింది. చట్టం పెట్టింది వాడిలాంటి వాళ్ల కోసం.

సెప్టెంబరు 11

రాజధానికి వెళ్లి వచ్చాను. తూర్పున ఎవరో ఒకామె లైసెన్సు లేకుండా చికిత్సకురాలినని పేరు పక్కన రాసుకుందట. ఆపమని ఉత్తర్వు ఇవ్వాలా వద్దా అని ఓటు. అందరికంటే ముందు నా చెయ్యే లేచింది. ఎందుకు అంత తొందరపడిందో ఆ చెయ్యి.

భోజనాల దగ్గర ఛైర్మన్ ఫిలిప్పా అడిగింది: "ఈసారి ప్రశంసాపత్రానికి ఎవరినో చెప్తానన్నారు?"

"ఈ ఏడు ఎవరూ కనబడలేదు" అన్నాను.

కంచే చేను మేయడం అంటే ఇదే. కానీ మేసింది ఎవరి కోసం?

సెప్టెంబరు 24

డెల్ఫీ మాటలు ఇప్పటిదాకా: వేడి. ఇయ్యి. పిల్లి. ఆపిల్. పో.

"పో" నాకే చెప్పింది. ఆటలో నేను మాట అందించబోయాను, కళ్లెర్రజేసి "పో" అంది. కార్లీన్ పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చే దారంతా పికప్ బండిలో నాలో నేను "పో, పో" అనుకుంటూ నడిపాను.

ఈ మనిషిని ఇక్కణ్ణుంచి పంపించి నేను డెల్ఫీ నోరు మళ్లీ మూయనా? ఎవరడిగినా ఇదే చెప్తాను. ఎవరూ అడగలేదు.

అక్టోబరు 5, ఆదివారం

చర్చిలో పాస్టరు గొంతు పోయింది, ప్రసంగం తొందరగా తెమిలింది. తర్వాత భోజనాలు. చికెన్ ఎప్పటిలా ఎండిపోయింది. ఓడెల్ కూతురు రోండా నా పక్కన కూర్చుంది. ఓడెల్ హోమ్‌లో డెల్ఫీ గదికి రెండు గదుల అవతల ఉంటాడు. ఈ లోయలో సగం ఆపిల్ తోటలు ఒకప్పుడు వాడివే. నాకు చిన్ననాటి స్నేహితుడు, నోరు మంచిది కాదు, మనసు మంచిది.

వాడికి గుటక సరిగా పడటం లేదట, నీళ్లు కూడా చిక్కగా చేసి ఇమ్మన్నారట డాక్టర్లు శుక్రవారం. పలచటివి ఊపిరితిత్తుల్లోకి పోతాయట. "కాఫీ ముద్దలా చేసి ఇస్తున్నారు, నాన్న వాళ్లని తిట్టని తిట్టు లేదు" అని నవ్వింది రోండా. పాపం ఓడెల్.

వెనక కంచె రెండు చోట్ల వంగింది. మంచు పడేలోపు చూసుకోవాలి.

అక్టోబరు 8

హోమ్ వెనక పచ్చికలో ఇవాళ ఆపిల్ పాకం కాచాం. కార్లీన్ ఆలోచనే. రాగి కాగు మాది, డెల్ఫీ వాళ్ల అమ్మమ్మ నాటిది. ఇంట్లో అటక మీంచి దించి ఉప్పూ వెనిగరూ పెట్టి తోమేసరికి నా నడుం పడిపోయింది. పొద్దున్నే ఆపిల్ రసం పోసి నిప్పు పెట్టి, ముక్కలు వేస్తూ పోయాం. సాయంత్రానికి గాని చిక్కబడదు. అడుగంటకుండా తెడ్డు తిప్పుతూనే ఉండాలి. అంచు వెంట రెండు చుట్లు, మధ్యలోంచి ఒకటి.

కార్లీన్ డెల్ఫీ చక్రాల కుర్చీని గాలి వాలుకి పక్కగా పెట్టి, పడిపోయిన చేతిని తెడ్డు మీద వేసి, పైన నా చెయ్యి వేయించింది. "బలం మీరు పెట్టకండి. ఆవిడ లాగితే మీరు వెళ్లండి, అంతే" అంది. డెల్ఫీ లాగింది. నిజంగానే లాగింది. ఆ తెడ్డు వెనక నేను ఈడ్చుకుంటూ పోయాను.

ఓడెల్ దుప్పటి కప్పుకుని తన కుర్చీలోంచి అజమాయిషీ. "దాల్చినచెక్క ఇప్పుడే వేశారా? ఎవడా మతిలేనివాడు?" నేనే అన్నాను. "అనుకున్నా. ఒరేయ్ వెర్లన్, తెడ్డు కాగుకి తగిలించరా. తగిలితే ముద్దు దక్కుతుంది, మర్చిపోయావా? డెల్ఫియా, వీడు పెళ్లికి ముందు మా ఇంట్లో పాకం కాచినప్పుడు పొద్దుగూకులూ కాగుకి తెడ్డు కొడుతూనే ఉన్నాడు, రాగి సొట్టలు పోయింది."

డెల్ఫీ నోరు ఒక పక్కకి వంకరపోయింది. నవ్వు. నేను తెడ్డు కాగుకి తగిలించాను. టంగుమంది. వంగి ఆమె బుగ్గ మీద ముద్దుపెట్టాను, పొగ వాసన. ఓడెల్ ఈల వేశాడు.

తర్వాత మబ్బు పట్టింది. కార్లీన్ శాలువా తేవడానికి లోపలికి వెళ్లింది. రసం ఇంకా పలచగానే ఉంది, ముక్కలు కరగలేదు. ఎవరో ఓడెల్‌కి ఒక చెంచా రుచి చూపించారు. వాడు కళ్లు మూసుకుని మింగాడు. దగ్గాడు. నవ్వాడు, మళ్లీ దగ్గాడు. "ఇదిరా రసమంటే" అన్నాడు. మొహం ఎర్రబడింది గాని తేరుకున్నాడు.

మంచి రోజు. సీసాలు నింపేసరికి చీకటి పడింది. మాకు రెండు సీసాలిచ్చారు.

అక్టోబరు 10

ఓడెల్‌కి జ్వరమట. అంత చలిగాలిలో కూర్చోబెడితే రాదా మరి.

అక్టోబరు 12

ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందట. ఆ వయసులో ఎవరికైనా చేరుతుంది. మా నాన్నకీ చేరింది.

అక్టోబరు 15

ఓడెల్ పోయాడు.

అక్టోబరు 18

వర్షంలో పూడ్చిపెట్టాం. శవపేటిక మోసిన వాళ్లలో నేనూ ఉన్నాను. వాడు బతికుంటే "కాళ్లు చూసుకుని నడవరా, నన్ను పడేస్తావ్" అనేవాడు.

భోజనాల దగ్గర రోండా నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "పలచటి రసం పట్టారట వెర్లన్ మావయ్యా. ఆ పాకం రోజు. చెంచాతో. ఆస్పత్రిలో నాన్న చెప్పాడు, ఎంత బాగుందో అని మురిసిపోతూ చెప్పాడు. ఎవరు పట్టారని అడిగితే చెప్పలేదు. మొండి మనిషి. ఎవరు మావయ్యా? నువ్వక్కడే ఉన్నావు గదా?"

చుట్టూ జనం. చేతిలో కాగితం పళ్లెం. పొగ బాగా వచ్చిందమ్మా, కళ్లు మండుతున్నాయి అన్నాను. పొగ వచ్చిన మాట నిజమే.

అక్టోబరు 20

ఓడెల్ ఎందుకు చెప్పలేదు?

అక్టోబరు 27

రోండా బోర్డుకి ఫిర్యాదు పెట్టింది. గ్రేడీయే దగ్గరుండి రాయించాడని విన్నాను. తలుపు మీద అక్షరాలు రాత్రికి రాత్రే గీకేశారు, మరకలు మిగిలాయి. కార్లీన్ తనంతట తానే చికిత్సకురాలినని చెప్పుకుందట, హోమ్‌కి ఏ పాపమూ తెలియదట. ఆమెని పనిలోంచి తీసేశారు.

డెల్ఫీ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. గుడ్డసంచి ఒళ్లో పెట్టాను. కింద పడేసింది.

నవంబరు 3

కార్లీన్ మా ఇంటికొచ్చింది. వసారా మెట్ల మీదే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. చిక్కిపోయింది.

"ఆయనకి గుటక పడటం లేదని నాకెవరూ చెప్పలేదు" అంది. "కాయితాలు చూసి ఉంటే అసలు కాగు దగ్గరికే తెచ్చేదాన్ని కాదు. తెచ్చినా పక్కనే కూర్చునేదాన్ని. మీ చట్టం ఎందుకుందో నాకిప్పుడు తెలిసింది, వెర్లన్ గారూ. వెక్కిరించడానికి అనడం లేదు."

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"నేను శాలువాకి వెళ్లాను. వచ్చేసరికి ఆయన దగ్గుతున్నాడు. అక్కడున్నది మీరు, డెల్ఫియా గారు, ఓడెల్ గారు. ఇంకెవరైనా వచ్చారా?"

"వంటమనిషి అటూ ఇటూ తిరిగినట్టుంది."

"మీరు చూశారా?"

"సరిగ్గా చూడలేదమ్మా. పొగ."

చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఖాళీ వదిలింది. నాకు తెలుసు ఆ పద్ధతి, ఎన్నిసార్లు చూశాను. నేను పళ్లు బిగించి నిలబడ్డాను. ఏ మాటా రాలేదు.

"సరేనండీ" అని వెళ్లిపోయింది. పక్క జిల్లా ఆవిడ జనవరి శిక్షణకి ఇక రావద్దని చెప్పేసిందట. అది మెట్లు దిగుతూ చెప్పింది, వాతావరణం గురించి చెప్పినట్టు.

నవంబరు 4

వంటమనిషి ఆ రోజు సెలవులో ఉంది. ఎవరైనా వాకబు చేస్తే ఇట్టే తెలిసిపోతుంది. ఎవరూ చెయ్యరు.

నవంబరు 18

విచారణ.

మొదలవగానే నేను లేచి, నా భార్య ఆ హోమ్‌లోనే ఉంది, పోయినవాడు నా స్నేహితుడు, అందుచేత నేను ఓటు వేయకూడదు అని చెప్పాను. బోర్డు వకీలు తలూపాడు. ఫిలిప్పా "ఇలాంటి నిజాయితీ ఈ రోజుల్లో అరుదు" అంది, అందరూ వినేలా. వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. కుర్చీ చల్లగా ఉంది.

కార్లీన్ వకీలుని పెట్టుకోలేదు. నీలం కోటు వేసుకొచ్చింది, చర్చికి వేసుకునేలాంటిది.

"లైసెన్సు లేకుండా చికిత్స పేరు వాడారా?"

"వాడానండీ."

"రోగి వైద్య కాయితాలు చూడకుండా ఆహారంతో కూడిన కార్యక్రమం జరిపారా?"

"జరిపానండీ."

"రసం పట్టింది మీరేనా?"

రోండా ముందు వరసలో రుమాలు నలుపుతోంది. నేను నా బూట్ల వైపు చూస్తున్నాను. దొంగకి తేలు కుట్టినట్టు అంటారే, అలా.

"నేను పట్టలేదు. కానీ అది నా కార్యక్రమం. ఆ సమయానికి అక్కడ లేకపోవడం నా తప్పు" అంది.

"మరి ఎవరు పట్టారు?"

"నేను చూడలేదు. చూడనిది చెప్పను."

ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే బాగుండును. తిరిగి చూసి ఉంటే నేను లేచేవాణ్ణేమో. లేచేవాణ్ణి అనుకుంటాను.

ఈ పని ఇక చేయకూడదని ఉత్తర్వు. ప్రాసిక్యూటరుకి కాయితాలు పంపాలని తీర్మానం. ఇక ముందు ఎప్పుడు దరఖాస్తు పెట్టుకున్నా ఈ కేసు అడ్డం పడుతుంది. ఒక్కరు కూడా వ్యతిరేకించలేదు.

బయట నాడీన్ పరిగెత్తుకుంటూ వచ్చింది. "వెర్లన్ గారూ, ఈ పేరు మీరు ఆగస్టులోనే అడిగారు గదండీ! అంటే మీకప్పుడే అనుమానం వచ్చిందన్నమాట. మీలాంటి వాళ్లు ఉండబట్టే బోర్డు నిలబడింది."

"ఊఁ" అన్నాను. డెల్ఫీలాగా.

నవంబరు 21

రోండా పంది తొడ మాంసం పొగబెట్టినది పంపింది. "నాన్న తరఫున నిలబడ్డందుకు" అని చీటీ. తీసి మా కుక్కకి పెట్టబోయాను. అదీ చెయ్యలేకపోయాను.

డిసెంబరు 2

హోమ్‌కి కొత్త చికిత్సకురాలు వచ్చింది. లైసెన్సు గోడకి తగిలించి ఉంది, నంబరుతో సహా. ప్రిసిల్లా పేరు. మంచి పిల్ల. మొదటి రోజంతా డెల్ఫీ కాయితాలు చదవడంలోనే గడిపింది. నేను పోరాడింది సరిగ్గా ఇలాంటి మనిషి కోసమే. ఒక్క తప్పు పట్టడానికి లేదు, పట్టాలని చూశాను.

డెల్ఫీ ఆమె వైపు తిరగదు. పాకం రోజు దగ్గర్నుంచి ఒక్క మాట లేదు. వేడి లేదు, పిల్లి లేదు, పో కూడా లేదు. "మనిషి మారితే కొన్నాళ్లు పడుతుంది. ఓపిక పట్టండి" అంది ప్రిసిల్లా.

మనిషి మారినందుకే కాదని నాకు తెలుసు. డెల్ఫీ నా వైపు కూడా తిరగడం లేదని ప్రిసిల్లాకి చెప్పలేదు.

డిసెంబరు 7, ఆదివారం

చర్చి ఎగ్గొట్టి హోమ్‌కి వెళ్లాను. గుడ్డసంచి నేనే పట్టుకెళ్లాను. మొగుడు పెళ్లాంతో సంచి విసురుకుంటే ఏ చట్టానికీ అభ్యంతరం లేదు. నేను చేస్తే అది చికిత్స కాదు, ఆట.

కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చున్నాను. "రా డెల్ఫీ, ఆడదాం" అన్నాను. విసిరాను. ఒళ్లోంచి జారి కింద పడింది. తీసి మళ్లీ విసిరాను. మళ్లీ పడింది. ఈసారి చేతి దగ్గరగా వేశాను. పడిపోయిన చెయ్యి కదిలి సంచిని పొట్టకి అదిమింది.

మాట చెప్పాలి ఇప్పుడు. ఆపిల్ అను, పిల్లి అను, ఏదో ఒకటి అను అని నా నాలుక దురద పెట్టింది. ఊరుకున్నాను. కిటికీ బయట మంచు సన్నగా పడుతోంది. నడవాలో ఎవరో ట్రాలీ తోసుకుంటూ పోయారు. ఊరుకున్నాను.

"చెంచా" అంది.

ప్రాణం లేచొచ్చింది. ఆకలేసింది కాబోలనుకుని పుడ్డింగు గిన్నె అందుకోబోయాను. తల అడ్డంగా ఊపింది. సంచి ఇంకా పొట్ట దగ్గరే పట్టుకుని ఉంది.

"నువ్వు" అంది.

తర్వాత చాలాసేపటికి, ఒక్కో ముక్కా వేళ్లతో పెకలించి తీస్తున్నట్టు:

"ఆ... పిల్ల... కాదు."

ఆమె ఎదురుగానే ఉంది ఆ రోజు. తెడ్డు మీద చెయ్యి వేసుకుని. నోరు లేదు గనక కళ్లు కూడా లేవనుకున్నానా నేను? కార్లీన్ కాదు, ఎవరో కాదు. నేనే. "ఒక్క చెంచారా వెర్లన్, నా తోట రసం, ఆ ముద్ద కాఫీ తాగి చచ్చేలా ఉన్నాను" అన్నాడు ఓడెల్. రోండా మూడు రోజుల క్రితమే చెప్పింది, పలచటిది పట్టకూడదని. తెలిసే పట్టాను. ఒక చెంచాకి ఏమవుతుందిలే అనుకున్నాను. ఊదాను కూడా, వాడి నాలుక కాలకుండా. ఆస్పత్రిలో పడుకుని నా పేరు దాచిపెట్టి పోయాడు వాడు. కార్లీన్ చూడనిది చెప్పనంది. నా పేరు పలకడానికి ఈ లోయలో మిగిలింది డెల్ఫీ ఒక్కతే, ఆ నోరు తెరిపించింది కార్లీన్. ఆ నోటి కోసమే గదా నేను సెప్టెంబరు నుంచీ నోరు మూసుకున్నాను.

ఆమె సంచిని నాకేసి తోసింది. బలం లేని విసురే, అయినా వచ్చి నా ఒళ్లో పడింది.

సంచి ఎవరి దగ్గర పడితే వాళ్లు మాట చెప్పాలి.

డెల్ఫీ నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. మాట అందించలేదు.